రాధాబాయి చాయ్ తాగిన ఇండ్లు

మగ్గాల వాడోళ్లకు సర్కారు కాలనీల ఇండ్లు ఎట్ల వచ్చినయని అడిగితే, రాధాబాయికి చిక్కటి చాయ్ పోసినోళ్లకు ముందుగాల వచ్చినయి, పల్చటి చాయ్ పోసినోళ్లకు రాలేదు అని ఇప్పటికీ చెప్పుకుంటరు. నల్ల కాడ బిందెలు వరుసల పెట్టి నిలబడ్డప్పుడో, పెండ్లి పందిట్ల విస్తర్లు వేయకముందో ఎవరో ఒకరు ఈ ముచ్చట తీస్తరు, విన్నోళ్లు నవ్వుతరు. ఆమెను కండ్ల చూడని కోడండ్లు గూడ "చాయ్ బాయి" అని పేరు పెట్టి మాట్లాడుతరు. కొందరైతే ఇంక దూరం పోయి, చాయ్ ఒక్కటే గాదు, ఆమె సంచిల ఇంకేదో గూడ పడ్డదంటరు.

ఆ మాట తప్పు. తప్పని ఎరిగినోళ్లు వాడల కొందరు ఉండిరి. కని ఎరిగినోళ్లకే నోరు తెరిచే వీలు లేకుండె. అందుకే పుకారు ఇన్నేండ్లు బతికింది. ఇక్కడ చెప్పేది బాలలక్ష్మి ఒక్క ఇంటి సంగతి. ఆమె తన నోటితోటి చెప్పి, రాయుమన్నది గనుక రాసుడు. మిగతా ఇండ్ల జోలి ఇందుల లేదు. ఎవరూ వెతకవద్దు.

బాలలక్ష్మి మొగడు రాములు, భూమన్న అనే ఆసామి దగ్గర సాంచె నడిపేటోడు. సాంచె అంటే కరెంటు మీద నడిచే మగ్గం. భూమన్న షెడ్డు వెనుక ఒక్క అర్ర ఉండె. అందులనే ఆలుమొగల కాపురం. రాములు షెడ్డుల గుడ్డ నేస్తుంటే, బాలలక్ష్మి ఆ అర్ర గడప మీద కూసోని నూలును కండెలకు చుట్టేది. సాంచె మీద పని ఉన్నన్ని రోజులే ఆ అర్ర వాళ్లది. ఈ సంగతి భూమన్న ఎన్నడూ నోటితోటి అనలే. అనేటంత అవసరం గూడ లేకుండె.

తాలూకాలు పోయి మండలాలు కొత్తగ అయిన రోజులవి. పెద్దరోగం దవాఖాన తరఫున రాధాబాయి ఆ వాడకు వచ్చుడు మొదలుపెట్టింది. కుష్ఠును వాడల అందరు పెద్దరోగమనే అందురు, అసలు పేరు నాలుక మీదికి రానిచ్చేటోళ్లు గాదు. రాధాబాయిది భైంసా. తండ్రి పత్తి మిల్లుల తూకం కాడ గుమస్తా. మొగడు చిన్నతనంలనే పోతే, ఆగిపోయిన చదువు మళ్ల అందుకోని నౌకరి సంపాయించుకున్నది. ఎత్తు మనిషి. కాళ్లకు మగోళ్ల చెప్పులు, చేతిల నల్ల గొడుగు, భుజానికి గుడ్డ సంచి. ఆమె తెలుగుల మరాఠి కలిసి ఉండేది. మగోళ్లందరిని "భావూ" అని, అంటే అన్నా అని, పిలిచేది. సంచిల కోడి ఈక ఒకటి పెట్టుకోని తిరిగేది గనుక పిల్లలు మొదట్ల ఆమెకు "ఈకల బాయి" అని పేరు పెట్టిండ్రు. చాయ్ బాయి తర్వాత అయింది.

ఈకతోటి చేసేది చిన్న పరీక్ష. మనిషిని కండ్లు మూసుకోమని, ఒంటి మీద అక్కడక్కడ ఈకతోటి తాకేది. తాకిన కాడ వేలు పెట్టాలె. పిల్లలకు అది ఆట. ముసలోళ్లు "సక్కిలిగిలి పెడుతున్నవేందే బాయీ" అని కిలకిల నవ్వేటోళ్లు. రాములు వంతు వచ్చింది. షెడ్డుల నుంచి చేతులు తుడుచుకుంట వచ్చి, పీట మీద కూసోని కండ్లు మూసుకున్నడు. మెడ మీద తాకితే వేలు పెట్టిండు. వీపు మీద తాకితే పెట్టిండు. తర్వాత ఉత్తగ కూసున్నడు.

"తాకియ్యి బాయీ. నాకు పని ఉన్నది" అన్నడు.

బాలలక్ష్మి చూస్తనే ఉన్నది. ఈక అప్పటికే రాములు మోచెయ్యి కింద, చాన రోజులసంది తెల్లగ పాలిపోయి ఉన్న మచ్చ మీద, అటు ఇటు తిరుగుతున్నది.

రాధాబాయి మొఖం ఏం మారలే. "అయిపోయింది భావూ, లే" అన్నది. బాలలక్ష్మికి గూడ పరీక్ష చేసింది. చాయ్ పెట్టుమని అడిగి, పొయ్యి కాడ కూసోని తాగింది. గొడుగు తీసుకోని పక్కనే ఉన్న చంద్రవ్వ ఇంటికి పోయింది. ఆ తర్వాత వచ్చినప్పుడు, అదే పొయ్యి కాడ కూసోని, అసలు మాట చెప్పింది.

"గోలీలు మింగితే నయమైతది బాలలక్ష్మీ. మింగుడు మొదలైనంక ఇంకొకలకు అంటది అనే ఫికర్ గూడ ఉండదు."

"సాంచె నడపొచ్చునా?"

"ఎందుకు నడపొద్దు?"

"మరి భూమన్నకు తెలిస్తే?"

అంతకుముందు ఏడు ఇంకో షెడ్డుల ఒక మనిషి మీద అనుమానం వచ్చింది. అనుమానమే, రుజువు గాదు. ఆసామి ఆ మనిషి ముట్టిన నూలంత బయట పారేయించిండు. ఆ కుటుంబం ఏ ఊరికి పోయిందో ఎవరికీ తెల్వదు. బాలలక్ష్మికి అదే కండ్ల ముందట ఆడుతున్నది.

"నేను చెప్పను. నువ్వు చెప్పకు" అన్నది రాధాబాయి. "మిగతాది నాకు ఇడిచిపెట్టు."

ఆ మిగతాది ఏందంటే చాయ్.

రాధాబాయి నౌకరిల కొత్తగ చేరినప్పుడు ఆదిలాబాద్ దిక్కు ఒక పల్లెల వేసిండ్రట. అప్పుడు రోగమున్న ఇండ్లకే పోయేది. లోపలికి పోతూ గొడుగు గుమ్మం కాడ ఆనించేది. కొన్నాళ్లకు ఆ ఊరి పిల్లలు గొడుగును చూసుడు మొదలుపెట్టిండ్రు. ఏ గుమ్మం కాడ నల్ల గొడుగు ఉంటే ఆ ఇంట్ల పెద్దరోగమున్నట్టు. ఒకసారి పోతే ఒక ఇల్లాలు తలుపు తియ్యలే. లోపట్నుంచే అన్నదట, "నీకు దండం పెడుత బాయీ, నా మొగని మందు నాకొద్దు, నీ గొడుగు తీసుకోని పో" అని. ఈ ముచ్చట రాధాబాయి బాలలక్ష్మికి చాయ్ ఊదుకుంట చెప్పింది. నవ్వుకుంటనే చెప్పింది కని గిలాస కింద పెట్టి మళ్ల ఎత్తలే.

అప్పటిసంది ఆమె పద్ధతి మారింది. వాడల ఉన్న ప్రతి గుమ్మం కాడ గొడుగు ఆనేది. ప్రతి ఇంట్ల పొయ్యి దాక పోయేది. ప్రతి ఇంట్ల చాయ్ అడిగేది. రోగమున్న ఇంట్ల ఆ చాయ్ మరిగే లోపట మనిషి గోలీలు మింగాలె, ఆమె కండ్ల ముందట. మిగతా రోజులకు పొట్లం ఇచ్చి పోయేది. లేని ఇంట్ల ఉత్త చాయ్. బజార్ల నిలబడి చూసినోళ్లకు ఏ ఇల్లు ఏదో తెల్వకపోవు.

"ఎన్ని చాయ్‌లు తాగుతదే ఈమె, కడుపా చెరువా" అని చంద్రవ్వ అప్పుడే మొదలుపెట్టింది.

చంద్రవ్వది సొంత పెంకుటిల్లు. భూమన్న షెడ్డుకు ఆనుకొని గోడ. మనిషి మంచిదే. ఎవరింట్ల కాన్పైనా ముందు ఉరికేది ఆమెనే. కని వాడల ఏ ఇంట్ల ఏం కూర ఉడుకుతున్నదో తెల్వకుంటే ఆమెకు అన్నం ఒంట బట్టకపోవు. రాములు గోలీలకు ఒళ్లు నల్లగ కమిలితే మొదట చూసింది ఆమెనే.

"ఏమే బాలలక్ష్మీ, నీ మొగడు గిట్ల నల్లవడ్డడేందే? కుండ మాడినట్టు ఉన్నడు."

"రంగుల అద్దకం కాడ గూడ పని చేస్తుండు అత్తా. ఆవిరి కొడ్తది."

"అద్దకం చేసేటోళ్లు అందరు నల్లవడ్డరా?"

"నీకు కనబడుతలేరేమో" అన్నది బాలలక్ష్మి. అని లోపటికి పోయి తలుపు దగ్గరికేసింది.

మగ్గాల వాడల ఒక తిప్పలు ఉన్నది. వేరే వాడలోళ్లకు అది తెల్వదు. సాంచెల చప్పుడుకు మొగుడు పెండ్లాము గూడ అరుచుకుంటనే మాట్లాడుకోవాలె. అట్ల అరిచే అరుపు చప్పుడుల మునిగి పక్కింటిదాక పోదు. అందుకే అక్కడ గుసగుస అనేది ఎవరికీ రాదు. కరెంటు పోయిన గడియ మాత్రం వాడ మొత్తం ఒక్కసారి మూగదైతది. అప్పుడు ఎవరి నోట్ల ఏ మాట ఉంటే ఆ మాట బజార్ల పడుతది. ఒకనాడు బాలలక్ష్మి షెడ్డు వాకిట్ల నిలబడి, "పొద్దటి గోలి మింగినవా లేదా" అని గొంతు చించుకోని అడిగింది. నోరు తెరువంగనే కరెంటు పోయింది. మాటంత నిశ్శబ్దంల గంట కొట్టినట్టు ఇనబడ్డది.

గోడ అవతల నుంచి చంద్రవ్వ తల లేచింది. "ఏం గోలే?"

"నెత్తినొప్పి గోలి అత్తా."

"నెత్తినొప్పికి పొద్దటి గోలి, మాపటి గోలి ఉంటదా?"

రాధాబాయి వచ్చేదాక బాలలక్ష్మి పరేషాన్ అయ్యింది. జరిగింది విని రాధాబాయి ఆ పూట వాడల అందరికి బలం గోలీలని పంచింది. రక్తం పట్టేటియి, దవాఖానల ఊరికే ఇచ్చేటియి. పొద్దున ఒకటి, మాపున ఒకటి. చంద్రవ్వకు రెండు పొట్లాలు ఎక్కువ ఇచ్చింది. ఇంక గోలి లేని ఇల్లు లేదు. చంద్రవ్వనే అందరిని అడుగుడు పెట్టింది, "మింగినవానే? బాయి తిడుతది" అని.

ఇట్ల నడుస్తుండంగ ఇండ్ల ముచ్చట వచ్చింది.

నేత పని చేసేటోళ్లకు కాలనీ కట్టిస్తమని ఇండ్ల ఆఫీసు నుంచి శ్యాంసుందర్‌రావు అనే ఆఫీసరు వచ్చి, చావిడి ముందట మీటింగు పెట్టిండు. చెడ్డ మనిషి గాదు. ఎండల నిలబడి ఆడోళ్లు అడిగినయన్నిటికి ఓపికతోటి జవాబు చెప్పిండు. కొన్ని ఇండ్లు మొగడు లేని ఆడోళ్లకని, కొన్ని అవిటోళ్లకని, కొన్ని పెద్దరోగమున్నోళ్లకని వేరుగ పెట్టినమన్నడు. "ఎవరూ పట్టించుకోనోళ్లకు ముందు ఇయ్యాలెనని సర్కారు ఆలోచన" అన్నడు. ప్రతి ఇంటి ముంగట గోడ మీద, ఇల్లు ఎవరిది, ఏ లెక్కల వచ్చింది అని రంగుతోటి రాయిస్తం, దాంతోని ఎవరూ మోసం చేయలేరు అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. బాలలక్ష్మి గూడ కొట్టింది. కొట్టుకుంటనే, గోడ మీద రాస్తమన్న మాట యాదికొచ్చి ఆపింది.

తర్వాత రాధాబాయి వచ్చినప్పుడు పొయ్యి కాడ కూసోని, సక్కగనే అడిగింది.

"ఇండ్ల ఆఫీసోళ్లు మా దవాఖానకు రాసిండ్రు, పేర్లు పంపుమని. డాక్టరు సాబ్ నా మీద పెట్టిండు. పేరు పోతే మీకు ఇల్లు వస్తది బాలలక్ష్మీ. పంపాల్నా?"

"గోడ మీద రాస్తరా?"

"రాస్తమంటున్నరు."

బాలలక్ష్మి కండె చుట్టుడు ఆపలే. వాన పడితే ఆ అర్రల నూలు తడవకుండ నడుమ పెట్టుకోని, ఆలుమొగలు గోడలకు ఆని కూసునేటోళ్లు. సొంత ఇల్లంటే ఏందో ఆమెకు తెలుసు. గోడ మీద ఆ మాట రాసి ఉన్న ఇంటి మనిషికి భూమన్న సాంచె ఇయ్యడని గూడ తెలుసు. ఇల్లు ఉండి సాంచె లేకుంటే ఆ ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతది?

"వద్దు బాయీ" అన్నది.

"సరే. నీ పేరు పోదు" అన్నది రాధాబాయి. లేచుకుంట అడిగింది, "ఆ రాత వద్దన్నవు. ఇల్లు వద్దనలే గదా?"

"ఇల్లు ఎవరు వద్దంటరు బాయీ!"

దవాఖాన నుంచి పేర్లు పోలే. వాడల ఇంతమంది ఉన్నరనే లెక్క ఒక్కటే పోయింది. శ్యాంసుందర్‌రావుకు తిక్క లేచింది. నేను ఇచ్చేటోన్ని, గుంజుకునేటోన్ని గాదు, నాకు పేర్లు ఎందుకు చెప్పరు అని. ఆఖరుకు తన అటెండరు బాలమల్లును పంపిండు. ఆ బాయి వాడల తిరిగిన నాడు ఆమె వెంబడి పో, ఏ గుమ్మం కాడ గొడుగు పెడుతదో చూసి రా అన్నడు.

బాలమల్లు వచ్చి కరెంటు స్తంభం కాడ నిలబడ్డడు. ఆఫీసు మనిషి వాడల ఊరికే నిలబడితే ఎవరు చూడరు? బాలలక్ష్మి గడపల నుంచి చూసింది. రాధాబాయి గూడ చూసింది.

"అరే భావూ, ఎండల ఎందుకు పొగులుతున్నవు? నా వెంబడే రావాలెనంటే దగ్గరికే రా. ఒక గుక్కెడు చాయ్ తాగుదువు."

బాలమల్లు సిగ్గుపడ్డడు కని కదిలిండు. అప్పటిసంది ఆమె ఏ ఇంటికి పోతే ఆ ఇంటి అరుగు మీద అతను కూసునుడు, ఆమె లోపట పొయ్యి కాడ, అతనికి బయటికి గిలాస వచ్చుడు. కాదంటే ఇల్లాలు ఊకోదు. "మా ఇంట్లనే వద్దంటవా? వాళ్లింట్ల తాగలేదా?" అని నిలదీసేది. పొద్దు వంగే యాళ్లకు బాలమల్లు నడుస్తుంటే కడుపుల చాయ్ కదిలినట్టు ఇనబడుతుండె. ఆఫీసుకు పోయి ఏం చెప్పిండో అతనే తర్వాత చాయ్ హోటల్ల నలుగురికి చెప్పిండు. హోటల్ల కూసున్నడు కని, చాయ్ మాత్రం ముట్టలేదట.

"సార్, అన్ని ఇండ్లకు పోయింది."

"అన్నిటికా? ఎక్కువసేపు ఎక్కడ కూసున్నది?"

"చంద్రవ్వ ఇంట్ల సార్. అల్లం చాయ్."

ఎక్కువసేపు కూసున్న మాట నిజమే. చంద్రవ్వ మాట్లాడుడు మొదలుపెడితే ఎవరైనా కూసోవలసిందే. ఆఫీసరు మాత్రం దాన్ని వేరే తీరుగ పట్టుకున్నడు.

దరఖాస్తులు తీసుకునే నాడు వాడల ఆడోళ్లందరు ఇండ్ల ఆఫీసు వరండల కూసున్నరు. బాలలక్ష్మి పక్కన చంద్రవ్వ. చంద్రవ్వకు ఇల్లు ఉండె కని వేరు కాపురం పెట్టిన కొడుకు కోసం వచ్చింది. లోపట శ్యాంసుందర్‌రావు ముందట రాధాబాయి నిలబడి ఉన్నది. కిటికీ తెరిచే ఉన్నది.

"మీ దవాఖాన సర్కారుదే, నా ఆఫీసు సర్కారుదే" అంటున్నడు ఆఫీసరు. "నీ సర్కారు వేరే, నా సర్కారు వేరేనా బాయీ?"

"సర్కారు ఒక్కటే సారూ. కని మా దగ్గర పడ్డ పేరు పెట్టెల ఉంటది. మీ దగ్గర పడ్డది గోడకెక్కుతది."

"నేను ఇల్లు ఇస్త అంటున్న. నువ్వు అడ్డం పడుతున్నవు. పాపం ఎవరికి తాకుతది?"

వరండల బాలలక్ష్మి చెంగు కొస నోట్ల పెట్టుకున్నది. ఇప్పుడు ఆ బాయి నోట్ల నుంచి ఒక్క పేరు జారితే చాలు. చంద్రవ్వ కిటికీ దిక్కు మెడ సాపి ఉన్నది. పొద్దు గూకే లోపట భూమన్నకు అందుతది.

"సరే, నువ్వు చెప్పకు" అన్నడు శ్యాంసుందర్‌రావు. "మాకు తెల్వదనుకున్నవా? ఆ చంద్రవ్వ ఇంట్ల ఉన్నది. అంతసేపు ఊరికే కూసున్నవా?"

చంద్రవ్వ లేచిన లేచుడుకు పక్కనున్న దరఖాస్తులు చెల్లాచెదరైనయి.

"ఏంది సారూ? నా ఇంట్లనా? నా ఇంట్ల పెద్దరోగమా? ఎవడన్నడు? నా కోడలు కడుపుతోటి ఉన్నది, ఆమె పుట్టింటోళ్లు ఇన్నరంటే పిల్లను తోలిస్తరా మల్ల?" అని కిటికీ ఊచలు పట్టుకున్నది. "బాయీ, చెప్పవేందే! లేదని చెప్పు!"

వరండ మొత్తం రాధాబాయిని చూస్తున్నది.

"ఎవరింట్ల ఉన్నదో చెప్పుడు నా పని గాదు చంద్రవ్వా" అన్నది రాధాబాయి. "ఎవరింట్ల లేదో చెప్పుడు గూడ నా పని గాదు."

"లేదు అనే ఒక్క మాట! గదానికి నీ నోరు అరుగుతదా?"

రాధాబాయి ఆ మాట అనలే. చంద్రవ్వ ఏడ్చుకుంట, తిట్టుకుంట మెట్లు దిగి పోయింది. బాలలక్ష్మి లేచి ఆమె వెనుక పోలేకపోయింది. ఒక్క సంగతి మాత్రం ఆమెకు ఆడికాడికే తెలిసింది. ఆ మాట తన ఇంటి మీద పడి ఉంటే, తను చంద్రవ్వ లెక్క అట్ల అరవలేకపోతుండె.

లోపట శ్యాంసుందర్‌రావు కుర్చీల కూలబడ్డడు. కిటికీ తెరిచి ఉన్నదని అప్పటిదాక చూసుకోలేదాయె. "నేను కావాలని అనలే" అన్నడు.

"తెలుసు సారూ."

"మరి నన్నేం చేయమంటవు? ఒక్కొక్క ఇల్లు ఎందుకిచ్చినవని పై ఆఫీసు అడుగుతది."

అప్పుడు రాధాబాయి కిటికీ రెక్క మూసి, కుర్చీ గుంజుకోని కూసున్నది. ఆ మాటలు తర్వాత బాలలక్ష్మికి ఆమెనే చెప్పింది. "దరఖాస్తులన్ని ఒక్కసారి మా డాక్టరు చూస్తడు. మొగడు లేనోళ్లవి మీకు తెలుసు, అవిటోళ్లవి మీకు తెలుసు. మా వాళ్లవి అందులనే కలిపి, గీ అందరికి ముందుగాల ఇయ్యుండ్రి అని ఒక్కటే కట్ట కట్టి పంపుతం. ఎవరికి దేనికిందనో విడివిడిగ ఉండదు. వీళ్లు ఇంతమంది, వాళ్లు ఇంతమంది అని మొత్తం మీద లెక్క చెప్తం. గోడ మీద పేరు ఒక్కటే రాయించుండ్రి."

"ఆడిటోళ్లు వస్తే?"

"దవాఖానకు పంపుండ్రి. డాక్టరు సాబ్ ముందట కూసోని చూసుకోనియ్యుండ్రి. చూసి పోవాలె, రాసుకోని పోవద్దు."

శ్యాంసుందర్‌రావు కిటికీ దిక్కు చూసిండు. వరండల ఇంకా లొల్లి ఆగలే. "రాసుకోని పోవద్దు" అని తనలో తనే అనుకున్నడు. "పైనోళ్లతోని మాట్లాడి చూస్త. ఒప్పుకుంటరో లేదో."

ఒప్పుకునేటందుకు చానా రోజులే పట్టింది. ఒప్పుకున్నరన్న నాడు రాధాబాయి మళ్ల బాలలక్ష్మి పొయ్యి కాడికి వచ్చి, మళ్ల అడిగింది. "గోడ మీద రాత ఉండదు. నీ పేరు అందరి పేర్లల్ల కలిసి పోతది. ఇప్పుడు పంపాల్నా?" బాలలక్ష్మి అవునన్నది. రాములును గూడ పిలిపించి, అతని నోటితోటి గూడ అవుననిపిచ్చుకున్నంకనే రాధాబాయి లేచింది.

ఇల్లు వచ్చింది. గోడ మీద నీలం రంగుతోటి రాములు పేరు, తండ్రి పేరు, అంతే. అటు పక్క ఇల్లు ఒక కాలు లేని మనిషిది, ఇటు పక్కది మొగడు లేని ఆమెది. రాములు గోలీలు ఆఖరు దాక మింగిండు. నయమైంది. నలుపు మెల్లగ విరిగింది. చిటికెన వేలు జర వంగే ఉండిపోయింది. సాంచెల పడి వంగిందని చెప్పిండు. సాంచెల వేలు పడనోడు వాడల ఎవడున్నడు? భూమన్న అడుగలే.

చంద్రవ్వ కొడుకుకు ఆ విడుతల ఇల్లు రాలే. దరఖాస్తులు రాధాబాయి దగ్గరికి పోయి వచ్చినయని మాత్రం ఆమె పట్టుకున్నది. ఆఫీసుల పడ్డ అవమానం ఒకటి, ఇల్లు రాని కోపం ఒకటి, రెండు కలిసి చిక్కటి చాయ్ ముచ్చట పుట్టింది. "నా చాయ్ తాగిన నోరు, నా ఇంట్ల లేదని ఒక్క మాట అనలేదు" అని మొదలుపెట్టి, కొన్నాళ్లకు "చాయ్ పోసినోళ్లకే ఇండ్లు" కాడికి వచ్చింది. ఎవరో అర్జీ రాసిండ్రు. పై నుంచి అడుగనీకి వచ్చిండ్రు. ప్రతి ఇంట్ల చాయ్ తాగినవా అంటే తాగిన అన్నది రాధాబాయి. ఎందుకు తాగినవు అంటే పోసిండ్రు గనుక తాగిన అన్నది. ఆమెను హుజూరాబాద్ దిక్కు మార్చిండ్రు.

బాలలక్ష్మి బస్‌స్టాండుకు ఉరికింది.

"నేను చెప్త బాయీ. మా ఆయనకు ఉండె, నయమైంది, అందుకే ఇల్లు వచ్చింది అని వాడ నడుమ నిలబడి చెప్త. నిన్ను గిట్ల అంటుంటే నేను ఇనలేను."

"రాములు ఇంకా సాంచె మీదనే ఉన్నడా?"

"ఉన్నడు."

"అయితే ఇంటికి పో. ఇంకా గోలీలు మింగేటోళ్లు ఉన్నరు వాడల. నువ్వు చెప్తే వాళ్లను గూడ వెతుకుడు మొదలుపెడ్తరు" అన్నది రాధాబాయి. గొడుగు మడిచి బస్సెక్కింది.

బాలలక్ష్మి ఇంటికి వచ్చింది. నోరు మూసుకున్నది. నల్ల కాడ చాయ్ బాయి ముచ్చట వచ్చినప్పుడల్ల అందరు నవ్వుతుంటే, ఆమె బిందె ఎత్తుకోని ముందుకు నడిచేది. నవ్వకపోతే ఎందుకు నవ్వుతలేదని అడుగుతరని, ఒకటి రెండు మాట్ల నవ్వింది గూడ. ఇదంత చెప్పినప్పుడు, ఆ నవ్వు గూడ రాయుమన్నది.

ఏండ్లు గడిచినయి. రెండో విడుతల చంద్రవ్వ కొడుకుకు గూడ ఇల్లు వచ్చింది, బాలలక్ష్మి ఇంటికి ఎదురుంగనే. పెంకుటిల్లు కిరాయికిచ్చి చంద్రవ్వ అక్కడికే చేరింది. తొంభైలల్ల ఒకనాడు, నౌకరి అయిపోయి భైంసాకు పోతూ, రాధాబాయి కాలనీకి వచ్చింది. వెంట్రుకలు తెల్లబడ్డయి. గొడుగు మాత్రం అదే నలుపు. అందరి గుమ్మాల ముందట ఆగి పలకరించుకుంట, నడుమ ఒక ఇంటికి వచ్చినట్టే బాలలక్ష్మి ఇంటికి వచ్చింది. రాములు షెడ్డు నుంచి అప్పుడే వచ్చి, మంచం మీద కూసోని ఉన్నడు.

బాలలక్ష్మి పొయ్యి మీద గిన్నె పెట్టబోయింది.

"చాయ్ వద్దు బాలలక్ష్మీ. మంచినీళ్లియ్యి" అన్నది రాధాబాయి. "చాయ్ నాకు ఎన్నడూ పడలే. కడుపుల మంట."

బాలలక్ష్మి గిన్నె పక్కకు పెట్టి, నీళ్ల చెంబు అందుకున్నది.

అంతల చంద్రవ్వ రానే వచ్చింది, ఎదురింట్ల నుంచి, చేతిల గిలాసతోటి. అల్లం వాసన ఆమెకంటే ముందు వచ్చింది. కోపం ఉన్నదో పోయిందో మొఖంల తెల్వదు. గిలాస రాధాబాయి ముందట పెట్టి, రాములు మంచం పట్టె మీద కూసున్నది.

"బాయీ, ఇంక నీకు నౌకరి లేదు, పైనోళ్లు లేరు. ఒక్క మాట అడుగుత, సక్కగ చెప్పు. ఆనాడు ఆఫీసుల నా ఇంట్ల లేదని నీకు తెలుసునా, తెల్వదా?"

"తెలుసు."

"మరి లేదని ఒక్క మాట ఎందుకు అనకపోతివి? ఇన్నేండ్లు నేను దాన్నే నెమరేసిన. నిన్ను ఊరంత బద్నాం చేసిన. అయినా అనకపోతివి."

రాములు వంగిన వేలును రెండో చేతితోటి పట్టుకున్నడు. బాలలక్ష్మి పొయ్యి దిక్కు తిరిగింది.

రాధాబాయి అల్లం చాయ్ గిలాస ఎత్తి, అడుగు దాక తాగి, కింద పెట్టింది.

"నీ ఇంట్ల లేదని చెప్తే, నీ పక్కింటోళ్లు వచ్చి మా ఇంట్ల గూడ లేదని చెప్పుమంటరు చంద్రవ్వా. తర్వాత ఆ పక్కింటోళ్లు. అట్ల చెప్పుకుంట చెప్పుకుంట పోతే, నేను చెప్పలేక నిలబడ్డ గుమ్మం ఒకటి వస్తది. ఆ గుమ్మం కాడ నా గొడుగు అందరికి కనబడుతది."